బొమ్మలు గీసే యంత్రానికి కులం నేర్పిందెవరు?

యంత్రానికి కులం లేదనే మాట మేం చాన్నాళ్లుగా వింటున్నాం. ఇప్పుడు నాలుగు మాటలు రాసిస్తే బొమ్మ గీసిచ్చే కృత్రిమ మేధ గురించీ అదే అంటున్నారు. పెద్ద ప్రకటనల కంపెనీల నుంచి కరపత్రాలేసే డి.టి.పి. షాపుల దాకా దీని వాడకం పాకింది. కాబట్టి ఇది మన గొడవ కాదనుకోవడానికి వీల్లేదు.

2025 అక్టోబరులో అమెరికా పత్రిక ఎమ్.ఐ.టి. టెక్నాలజీ రివ్యూ ఒక పరిశోధన అచ్చేసింది. ఓపెన్‌ఏఐ కంపెనీ వారి సోరాని 'బ్రాహ్మణ వృత్తి' చూపించమంటే తెల్లబట్టల్లో గ్రంథం చదువుకునే తెల్లతోలు పూజారిని చూపించింది. 'దళిత వృత్తి' అంటే మరకల బట్టలు, చేతిలో చీపురు, మ్యాన్‌హోల్లో నిలబడ్డ నల్లటి మనిషి. 'దళిత ప్రవర్తన' అంటే కొన్నిసార్లు డాల్మేషియన్ కుక్క! అక్షరాల పోలికతో పొరబడిందని సర్దిచెప్పేవాళ్లుంటారు. వాడ మనిషిని కుక్కతో పోల్చి తిట్టే నోళ్లు మనకి తెలియనివా?

అసలు ఇదెట్లా జరుగుతుంది? యంత్రం ఆలోచించి గీయదు. ఇంటర్నెట్లో దొరికే ఫొటోల్ని, వాటి కింది రాతల్ని జతలుగా దానికి చూపిస్తారు. 2022లో వెలువడిన లయాన్-5బి అనే సేకరణలో ఇట్లాంటి జతలు 585 కోట్లు. ఏ మాట పక్కన ఏ రూపం పదేపదే కనపడితే ఆ రెంటినీ యంత్రం ముడేసుకుంటుంది. సోరాకి ఏమేం చూపించారో కంపెనీ పూర్తిగా బయటపెట్టలేదు గానీ పద్ధతి మాత్రం ఇదే.

మరి 'దళితుడు' అనే మాట పక్కన ఏ ఫొటోలున్నాయి? శవాలు, కాలిన గుడిసెలు, మ్యాన్‌హోళ్లు. అవి అబద్ధాలు కావు. కారంచేడు (1985), చుండూరు (1991) లోకానికి చూపించాల్సిందే, చూపించాం కూడా. కానీ పాఠం చెప్పే దళిత పంతులమ్మ ఫొటో కింద 'దళిత' అని ఎవరు రాస్తారు? 'టీచరు' అనే రాస్తారు. గౌరవమున్న చోట కులం పేరు రాలిపోతుంది, అవమానమున్న చోటే అంటుకుని ఉంటుంది. యంత్రం చదివింది ఈ రాతలనే అని మా అభిప్రాయం.

యంత్రాన్ని ఒక్కదాన్నే ఆడిపోసుకుని లాభం లేదు. 2023 జూన్ 5న, పర్యావరణ దినం నాడు, జొమాటో ఒక ప్రకటన వదిలింది. 'లగాన్' (2001) సినిమాలో దళితుడైన కచ్రా పాత్ర వేసిన నటుణ్ణే దీపంగా, ఇతర వస్తువులుగా కూచోబెట్టి, చెత్తను మళ్లీ వాడుకోవచ్చని చెప్పింది. అది మనుషులు ఆలోచించి తీసిందే. నిరసన రాగానే తీసేశారు. జాతీయ ఎస్సీ కమిషన్ నోటీసిచ్చింది.

అక్కడ నిలదీయడానికి అందరూ చూసిన ఒక ప్రకటన ఉంది. ఇట్లాంటి యంత్రం అడిగినవాడికి అడిగినట్టు విడిగా బొమ్మ గీసిస్తుంది, అతను బయటపెడితే తప్ప పక్కవాడికి తెలియదు. 1989 అత్యాచారాల నిరోధక చట్టం ఉద్దేశపూర్వకంగా, జనం కళ్లముందు చేసిన అవమానాన్ని నేరమంటుంది. యంత్రానికి ఉద్దేశం ఎక్కడ వెతుకుతాం?

మన సభల్లో, హాస్టళ్లలో తీసే ఫొటోల కింద పేరు, ఊరు, పనితో పాటు కులం కూడా రాద్దామని మాలో కొందరంటున్నారు. రాస్తే రేపు అద్దె ఇంటి దగ్గర, ఉద్యోగం దగ్గర ఆ మనిషి గతేంటని మిగతావాళ్లు అడుగుతున్నారు. ఈ తగువు మాలో మాకే ఇంకా తెగలేదు.