ఆటకు వేతనం అడిగిన సైక్లోన్ టేలర్

హాకీ అనగానే మనకు ధ్యాన్‌చంద్, పచ్చిక మైదానం గుర్తొస్తాయి. కెనడాలో హాకీ అంటే మంచు మీద ఆట. కాళ్లకు స్కేట్లు కట్టుకుని దూసుకుపోతూ, కర్రతో రబ్బరు బిళ్లను గోల్‌లోకి కొట్టాలి. ఆ ఆటలో తొలితరం ప్రొఫెషనల్ ఫ్రెడ్ ‘సైక్లోన్’ టేలర్. 1910 సీజన్‌లో కేవలం 12 మ్యాచ్‌లకు 5,250 డాలర్లు పుచ్చుకున్నాడు. ఇచ్చింది రెన్‌ఫ్రూ అనే చిన్న పట్టణపు జట్టు. దాని వెనుక గనులతో సంపన్నులైన ఒబ్రియన్ కుటుంబం ఉంది. ఈ అంకె ఒక్కటే చూస్తే టేలర్‌ను డబ్బు మనిషి అనేయడం తేలిక. ఆ మాట ఎంత అన్యాయమో ఆయన పుట్టిపెరిగిన ఇల్లు చెబుతుంది.

టేలర్ ఒంటారియో రాష్ట్రంలోని టారా అనే పల్లెలో పుట్టి, లిస్టోవెల్‌లో పెరిగాడు. తండ్రి వ్యవసాయ పనిముట్లు అమ్మే సేల్స్‌మన్. చిన్న జీతం, ఇంటినిండా పిల్లలు. పదిహేడేళ్లకే టేలర్ చదువు మానేసి పియానోల ఫ్యాక్టరీలో పనికి కుదిరాడు. 1904లో టొరంటోలోని పేరున్న జట్టుకు ఆడమని కబురొస్తే ఒప్పుకోలేదు. దాంతో ఒంటారియో హాకీ సంఘం ఆయన రాష్ట్రంలో ఎక్కడా ఆడకుండా నిషేధించింది. ఆ సీజనంతా ఊరికే కూర్చోవాల్సి వచ్చింది. జీతం ఇవ్వని సంఘం, ఎక్కడ ఆడాలో మాత్రం తానే నిర్ణయించింది. 1906లో ఆయన అమెరికాలోని మిషిగన్‌కు, రాగి గనుల సీమకు వెళ్లాడు. అక్కడి హౌటన్ జట్టు 400 డాలర్లూ ఖర్చులూ ఇచ్చింది.

డబ్బు వచ్చి ఆటలోని పవిత్రత పోయిందని ఆనాటి పెద్దలు వాదించారు. ఆట ఆట కోసమే ఉండాలన్న కోరికలో తప్పులేదు. కానీ డబ్బు తీసుకోకూడదన్న నియమం అందరి మీదా ఒకే బరువుతో పడలేదు. ఆస్తిపాస్తులున్న ఇంటి కుర్రాడు శీతాకాలమంతా ఉచితంగా ఆడగలడు. ఫ్యాక్టరీలో పనిచేసేవాడు సెలవు పెడితే ఆ రోజు కూలి పోతుంది. టిక్కెట్ల డబ్బు మాత్రం ఎవరో ఒకరి జేబులోకి పోతూనే ఉంది. జనం ఎవరిని చూడటానికి వస్తున్నారో వాళ్లకు అందులో వాటా ఉండకూడదనడం ధర్మం కాదు. జట్లు మారేవాడికి నిలకడ లేదన్న విమర్శకు జవాబు వాంకూవర్‌లో దొరుకుతుంది. 1912లో అక్కడి జట్టులో చేరాక ఆట మానేసేదాకా ఆయన మరో జట్టు వైపు చూడలేదు. 1915లో దానికి మంచు హాకీలో పెద్ద ట్రోఫీ అయిన స్టాన్లీ కప్ తెచ్చిపెట్టినవారిలో ఆయన ముఖ్యుడు.

జీతం మీద బతికే ఇంటి బిడ్డ ముందుచూపు ఆయన ఒప్పందాల్లోనే కనిపిస్తుంది. 1907లో ఒటావా జట్టులో చేరినప్పుడు 500 డాలర్లతోపాటు ఇమిగ్రేషన్ శాఖలో ఉద్యోగం కూడా అడిగి తీసుకున్నాడు. కాళ్లలో సత్తువ ఉన్నన్నాళ్లే ఆట నడుస్తుందని, సర్కారు కొలువు పదికాలాలు నిలుస్తుందని ఆయనకు తెలుసు. మన దేశంలో రైల్వే, పోలీసు ఉద్యోగాలే ఎందరో హాకీ ఆటగాళ్లను నిలబెట్టాయి గనుక ఈ లెక్క మనకు కొత్తగా అనిపించదు. టేలర్ ఆ శాఖలోనే ఉన్నతాధికారి అయ్యి 1950లో పదవీ విరమణ చేశాడు.

అయితే ఆ ఉద్యోగానికి మరో ముఖముంది. 1914లో 376 మంది ప్రయాణికులతో కొమగాట మారు నౌక వాంకూవర్ చేరింది. వారిలో ఎక్కువమంది పంజాబీ సిక్కులు. దాదాపు అందరినీ దిగనివ్వకుండా తిప్పి పంపారు. ఆ నౌక ఎక్కిన ఇమిగ్రేషన్ అధికారుల్లో టేలర్ ఒకడు. నియమాలు చేసింది ఆయన కాదు, అమలు చేసే యంత్రాంగంలో మాత్రం భాగమయ్యాడు. బతుకుతెరువు కోసం ఊళ్లు దాటినవాడు, అదే బతుకుతెరువు కోసం సముద్రం దాటి వచ్చినవారికి అడ్డుగా నిలిచిన వ్యవస్థలో పనిచేశాడు. ఆయన గొప్పతనం రాసేవారు ఈ పుట దాటవేయకూడదు.

ఇవన్నీ కలిపి తూచినా నా అభిప్రాయం మారదు. శ్రమకు వెల అడగడం టేలర్ చేసిన తప్పు కాదు. ఆయనలాంటివారు పట్టుబట్టి అడిగారు గనుకే కూలివాడి కొడుకుకూ ఆట ఒక వృత్తి కాగలిగింది. ఏ ఆటగాడి జీవితం చదివినా కప్పులు, గోల్స్ లెక్కపెట్టే ముందు ఆ ఇంట్లో ఎవరి సంపాదనతో పొయ్యి వెలిగిందో చూడండి. అతడు అడిగిన డబ్బు న్యాయమో కాదో అప్పుడే తేల్చగలం.