సోడా ఉప్పు అగ్నిపర్వతమూ, కాతేరు నల్లరాయీ

వైజ్ఞానిక ప్రదర్శన తేదీ ప్రకటించగానే గోదావరి జిల్లాల్లో చాలా ఇళ్లలో ఒకే రకం హడావుడి మొదలవుతుంది. స్టేషనరీ షాపుల్లో థర్మోకోల్ షీట్లు అయిపోతాయి. నాన్న తెలిసిన ఎలక్ట్రీషియన్‌కి ఫోన్ చేస్తాడు. అమ్మ చార్టు మీద అక్షరాలు దిద్దుతుంది. పోటీలో నిలబడాల్సిన ఆరో తరగతి పిల్లాడు మాత్రం ఓ మూల కూర్చుని, జడ్జీగారికి అప్పజెప్పాల్సిన నాలుగు ముక్కలు బట్టీ పడుతుంటాడు. ఈ తతంగమంతా కొన్ని గట్టి నమ్మకాల మీద నడుస్తోంది. పోటీల నిబంధనలు తిరగేస్తే అవి ఎక్కడా కనబడవు.

అసలు ఏయే పోటీలున్నాయో ముందు చూద్దాం. ఎన్‌సీఈఆర్‌టీ 1971 నుంచి జాతీయ స్థాయిలో పిల్లల సైన్స్ ప్రదర్శన నడుపుతోంది. ఇప్పుడు దాన్ని రాష్ట్రీయ బాల వైజ్ఞానిక ప్రదర్శని అంటున్నారు. కేంద్ర శాస్త్ర సాంకేతిక శాఖ ఆధ్వర్యంలో 1993లో జాతీయ బాలల సైన్స్ కాంగ్రెస్ మొదలైంది. అదే శాఖ నేషనల్ ఇన్నోవేషన్ ఫౌండేషన్‌తో కలిసి ఇన్‌స్పైర్ అవార్డ్స్ – మానక్ నిర్వహిస్తోంది. బెంగళూరు విశ్వేశ్వరయ్య మ్యూజియం నడిపే దక్షిణ భారత సైన్స్ ఫెయిర్ ఉంది. మన దగ్గర జన విజ్ఞాన వేదిక జరిపే చెకుముకి సంబరాలు ఊరూరా తెలిసినవే. పేర్లన్నీ ఒకేలా వినిపించినా వీటిలో ఏ రెండూ ఒకటి కావు. ఒకటి మోడల్ అడుగుతుంది, ఒకటి ఆలోచన చాలంటుంది, ఇంకొకటి మూడు నెలల పరిశీలన చూపించమంటుంది. ఈ తేడా తెలియకపోవడంతోనే సగం అపోహలు పుడుతున్నాయి.

అపోహ: పొగ రావాలి, లైటు వెలగాలి, లేకపోతే జడ్జీలు ఆగరు

ఏ ప్రదర్శనకు వెళ్లినా అగ్నిపర్వతం ఒకటి తప్పనిసరి. మట్టితో కొండ, దాని నెత్తిన గుంట, గుంటలో వంట సోడా. పైన వెనిగర్ పోయగానే ఎర్రరంగు నురగ బుసబుసా పొంగుతుంది. చూడ్డానికి బాగుంటుంది, కాదనలేం. అయితే అక్కడ జరిగేది సోడా మీద ఆమ్లం చర్య. దాంతో కార్బన్ డయాక్సైడ్ విడుదలై నురగ కడుతుంది. భూమి లోపలి శిలాద్రవం పైకి ఎగజిమ్మడానికి కారణం వేరు. అందులో కరిగి ఉన్న నీటి ఆవిరి, ఇతర వాయువులు పైకి వచ్చేకొద్దీ ఒత్తిడి తగ్గి బయటపడతాయి. పైగా సోడా నురగ ప్రయోగం కూడా కాదు. ఏమవుతుందో చేసేవాడికీ చూసేవాడికీ ముందే తెలుసు. దాన్ని ప్రదర్శన అనవచ్చు, అంతే.

ఇక్కడ విచిత్రమేమిటంటే, రాజమహేంద్రవరం పిల్లలు లావా చూడటానికి మట్టికొండ కట్టుకోనక్కర్లేదు. ఊరి పక్కన కాతేరులో, గోదావరి దాటితే పంగిడి, గౌరీపట్నం వైపు క్వారీల్లో కనిపించే నల్లరాయి గడ్డకట్టిన లావాయే. భూగర్భ శాస్త్రంలో వీటికి రాజమండ్రి ట్రాప్స్ అని పేరు. సుమారు 6.6 కోట్ల ఏళ్ల కిందట దక్కన్ పీఠభూమిని కప్పేసిన లావాకు చెందినవి. పడమటి కనుమల వైపు పుట్టిన ప్రవాహాలే వెయ్యి కిలోమీటర్లు దాటి ఇక్కడిదాకా వచ్చాయనీ, భూమ్మీద అత్యంత పొడవైన లావా ప్రవాహాలు ఇవే కావచ్చనీ 2008లో భూగర్భ శాస్త్రవేత్తలు ప్రతిపాదించారు. ఆ లావా పొరల మధ్య సున్నపురాయి పొరలున్నాయి, వాటిలో గవ్వలూ ఆల్చిప్పల శిలాజాలూ దొరుకుతాయి. అంటే ఒక ప్రవాహానికీ మరో ప్రవాహానికీ మధ్య ఇక్కడికి ఉప్పునీరు వచ్చి పోయిందన్నమాట. ఇంకో సంగతి. దక్కన్ లావా ఎక్కువగా నేల పగుళ్లలోంచి పారింది, కొండ నెత్తిమీంచి చిమ్మలేదు. థర్మోకోల్ కొండ మన ఊరి లావాకు నమూనాగా కూడా పనికిరాదు.

పెద్దల్ని వెంటబెట్టుకుని వెళ్లి తెచ్చిన రెండు రాళ్లు, ఒక భూతద్దం, దొరికిన చోటు గుర్తుపెట్టిన మ్యాపు. ఇవి బల్ల మీద పెట్టిన పిల్లని ప్రశ్నలు అడగకుండా ముందుకు పోయే జడ్జీ ఉంటే, లోపం జడ్జీదే.

అపోహ: మోడల్ తయారైతేనే పేరు ఇవ్వాలి

మానక్‌కు పాఠశాల తొలి దశలో పంపేది ఆలోచనను మాత్రమే. చుట్టూ కనిపించే ఒక ఇబ్బంది, దానికి తనకు తోచిన పరిష్కారం, ఉంటే ఒక బొమ్మ. ఎంపికయ్యాకే మోడల్ చేయడానికి 10,000 రూపాయలు వస్తాయి. మోడల్ లేదన్న సాకుతో పిల్లల ఆలోచనల్ని బడిలోనే ఆపేస్తే, పోటీ మొదలయ్యే ముందే ఓడిపోయినట్టు.

ఈ పోటీకి ఎలాంటి ఆలోచన నప్పుతుందో చెప్పడానికి తెలంగాణలోని గద్వాల ప్రాంతం ఉదాహరణ ఒకటుంది. జిల్లా పరిషత్ హైస్కూల్ అమ్మాయి ఒకరు మొక్కలు పెంచే నల్ల పాలిథిన్ సంచుల్ని చూసి, వాటి బదులు వేరుశనగ పొట్టుతో కుండీలు చేయొచ్చని అనుకుంది. గద్వాలలో వేరుశనగ పొట్టుకు కొదవ లేదు. కుండీతో సహా మొక్కను పాతేస్తే కుండీ మట్టిలో కలిసిపోతుంది. తర్వాత హైదరాబాద్‌లోని టీ-వర్క్స్ ఆ కుండీల తయారీకి యంత్రాన్నే రూపొందించింది. ఆమెకు తోడు నిలిచింది లెక్కల మాస్టారు. కడియం నర్సరీల మధ్య చదువుకునే పిల్లలు రోజూ చూసేది ఆ నల్ల సంచుల్నే. అక్కడ వేరుశనగ పొట్టు దొరక్కపోవచ్చు, కొబ్బరి పీచుకూ ఊకకూ లోటేముంది? పొట్టు బదులు పీచు పెడితే కుండీ ఎన్ని తడులకు విడిపోతుంది, వేరు దాన్ని చీల్చుకుని బయటికి రాగలదా అన్నవి ఇంకా ఎవరో ఒకరు చేసి చూడాల్సిన ప్రశ్నలే.

అపోహ: గొప్ప టాపిక్ కావాలి, అది ఇంటర్నెట్‌లో దొరుకుతుంది

బాలల సైన్స్ కాంగ్రెస్ ఇందుకు పూర్తిగా ఎదురు చెబుతుంది. ప్రాజెక్టు స్థానిక సమస్య మీదే ఉండాలి, లాగ్‌బుక్ రాయాలి, లెక్కలు పిల్లలే సేకరించాలి. దానికో కేంద్రాంశం ఇస్తారు. 2014–15లో వాతావరణాన్ని అర్థం చేసుకోవడం గురించి, ఆ తర్వాత ఓ విడతలో ఆరోగ్యం కోసం జీవావరణ వ్యవస్థ గురించి ఇచ్చారు. ఈ రెంటికీ సమాధానాలు డెల్టాలో కాలువ గట్టు మీదే మొదలవుతాయి.

కోనసీమలో గానీ నరసాపురం వైపు గానీ తీరానికి దగ్గర ఊళ్లలో పెద్దవాళ్లు తరచూ అనుకునే మాట: రొయ్యల చెరువులు వచ్చాక పక్క చేలు ఉప్పెక్కాయని. మాట నిజమో కాదో తేల్చడం శాస్త్రవేత్తల పనే. కానీ ఏడో తరగతి పిల్లలిద్దరు దాని అంచు పట్టుకోగలరు. పంచాయతీ కుళాయి నీళ్లు, కాలువ నీళ్లు, చెరువు పక్క బోదె నీళ్లు, ఒక బోరు నీళ్లు తెస్తారు. ఒక్కో నీటికి మూడు పళ్లేలు, ఒక్కో పళ్లెంలో తడి గుడ్డ మీద 50 వడ్లు. మూడెందుకంటే, ఒక పళ్లెంలో బూజు పట్టినా, ఎండ తగిలినా ఫలితం తారుమారు కాకుండా. కుళాయి నీళ్లు పోలిక కోసం. వడ్లన్నీ ఒకే రకం, ఒకే సంచిలోవి కావాలి. అప్పుడే కోసినవి వద్దు, కొన్ని రకాల గింజలు కొన్నాళ్లు నిద్రావస్థలో ఉండి మొలకెత్తవు. రోజూ ఒకే వేళకు మొలకలు లెక్కపెట్టి లాగ్‌బుక్‌లో రాయాలి. ఒక లీటరు కుళాయి నీటికి 2, 4, 6 గ్రాముల ఉప్పు కలిపి అదనంగా పళ్లేలు పెడితే ఇంకా మంచిది, తెచ్చిన నీళ్లు దేనికి దగ్గరగా ఉన్నాయో పోల్చుకోవచ్చు. డెల్టాకు ఇంకో వెసులుబాటు ఉంది. 1852లో కాటన్ దొర ధవళేశ్వరం ఆనకట్ట పూర్తి చేసిన నాటి నుంచీ ఇక్కడి సాగు కాలువల మీదే ఆధారపడి ఉంది. వేసవిలో కాలువలు కట్టేశాక ఒకసారి, మళ్లీ నీళ్లు వదిలాక ఒకసారి ఇదే పని చేస్తే పిల్లల చేతిలో ఏడాది కథ ఉంటుంది.

ఇంత చేశాక ఒక చిక్కు వస్తుంది. ఉప్పు తగిలిన పళ్లేల్లో కూడా వడ్లు బాగానే మొలకెత్తవచ్చు. అప్పుడు ఇంట్లో అందరూ ‘ప్రాజెక్టు పోయింది’ అంటారు. అదే తర్వాతి అపోహ.

అపోహ: అనుకున్న ఫలితం రాకపోతే ప్రైజు రాదు

వరి మొలకెత్తే దశలో ఉప్పును కాస్త ఓర్చుకుంటుంది, చిన్న నారు దశలోనూ పూత దశలోనూ తట్టుకోలేదు. ఇది వ్యవసాయ శాస్త్రంలో స్థిరపడిన సంగతి. మొలకలు చూసి ‘ఉప్పు వల్ల నష్టం లేదు’ అని రాసేసిన పిల్లలు తప్పు దారిలో పోయారు. ‘మొలక వచ్చింది, మరి నారు?’ అని ఇంకో మూడు వారాలు ఆగిన పిల్లలకు అసలు విషయం దొరుకుతుంది. నకిలీ అంకెలు వేసి గ్రాఫు గీసిన వాళ్లకు ఏదీ దొరకదు. రెండు మూడు ప్రశ్నలకే ఆ గ్రాఫు రంగు బయటపడుతుంది కూడా.

భీమవరంలో 1895లో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు పేరు ఈ ప్రాంతంలో బడి పిల్లలందరూ వింటారు. రాజమండ్రిలో చదువుతున్న రోజుల్లో ఇంట్లో వరస మరణాలతో ఆయన చదువు దెబ్బతింది. మెట్రిక్యులేషన్ మూడో ప్రయత్నంలో, అదీ మద్రాసు హిందూ హైస్కూల్ నుంచి గట్టెక్కింది. ఈ భాగం ప్రసంగాల్లో బాగానే వినబడుతుంది. చెప్పకుండా వదిలేసేది దీనికన్నా ఆసక్తికరం. అమెరికాలో లెడర్లే ప్రయోగశాలలో ఆయన బృందం ఫోలిక్ ఆమ్లాన్ని, దాని సంబంధిత పదార్థాలను తయారు చేసింది. బోస్టన్ వైద్యుడు సిడ్నీ ఫార్బర్ వాటిని రక్త క్యాన్సర్ ఉన్నవాళ్లకు ఇచ్చి చూస్తే జబ్బు తగ్గలేదు సరికదా, ఇంకా జోరందుకుంది. ఫార్బర్ ఆ చేదు ఫలితాన్ని దాచిపెట్టలేదు. ఫోలిక్ ఆమ్లం జబ్బును పెంచుతున్నప్పుడు దానికి అడ్డుపడే పదార్థం ఇస్తే ఏమవుతుందని ఆలోచించాడు. సుబ్బారావు బృందం చేసి పంపిన అమినోప్టెరిన్‌ను 16 మంది పిల్లలకు ఇస్తే 10 మందిలో కొంతకాలం మెరుగుదల కనిపించింది. 1948లో ఆ ఫలితాలు అచ్చయ్యాయి. ఆ మందుల కుటుంబానికే చెందిన మెథోట్రెక్సేట్‌ను ఇప్పటికీ క్యాన్సర్ వార్డుల్లో వాడుతున్నారు.

బోదకాలు నివారణకు డెల్టా ఊళ్లలో ఆరోగ్య కార్యకర్తలు ఇంటింటికీ తెచ్చి మింగించిన డీఈసీ మాత్ర కూడా సుబ్బారావు నాయకత్వంలో లెడర్లేలో వెలువడిందే. ఈ సంగతి చాలామంది ఉపాధ్యాయులకే కొత్తగా ఉంటుంది.

చిన్నాచితకా అపోహలు కొన్ని

ఇంగ్లీషు రాకపోతే కష్టమంటారు. బాలల సైన్స్ కాంగ్రెస్‌లో పిల్లలు తమ భాషలోనే రాసి చెప్పుకోవచ్చు. తెలుగులో చక్కగా చెప్పే పిల్లని బలవంతంగా ఇంగ్లీషులో నిలబెడితే, తనే చేసిన పని కూడా బట్టీ పట్టినట్టు వినిపిస్తుంది.

ఫిబ్రవరి 28 సీవీ రామన్ పుట్టినరోజని చాలా బళ్లలో కేకు కోస్తారు. రామన్ పుట్టింది నవంబర్ 7న. ఫిబ్రవరి 28 ఆయన 1928లో రామన్ ఎఫెక్ట్ కనుగొన్న రోజు, 1987 నుంచి జాతీయ సైన్స్ దినోత్సవంగా జరుపుతున్నారు. రామన్ చిన్నప్పుడు విశాఖలో చదువుకున్నాడన్నది మాత్రం నిజమే.

మూడో తరగతి పిల్లకు సైన్స్ పోటీ ఎందుకని అడిగేవాళ్లున్నారు. జాతీయ స్థాయి పోటీలు ఎక్కువగా ఆరో తరగతి నుంచో, పదేళ్ల వయసు నుంచో మొదలవుతాయి, నిజమే. కింది తరగతులకు బడి స్థాయి ప్రదర్శన చాలు, అక్కడ ర్యాంకులు లేకపోతే ఇంకా మేలు. అగ్గిపుల్లలు, సైకిల్ వాల్వ్ ట్యూబు, పారేసిన సీసాలతో అరవింద్ గుప్తా దశాబ్దాలుగా చేసి చూపిస్తున్న బొమ్మలు ఈ వయసుకు సరిగ్గా సరిపోతాయి.

అపోహ: ఇన్‌స్పైర్ వస్తే ఇక డిగ్రీదాకా డబ్బే

రెండు వేర్వేరు పథకాలను కలిపేయడంతో వచ్చిన గందరగోళమిది. బడి పిల్లల మానక్ అవార్డు 10,000 రూపాయలు ఒక్కసారే వస్తుంది, మోడల్ తయారీకీ ప్రదర్శనకు వెళ్లి రావడానికీ. ఇన్‌స్పైర్ పేరుతోనే ఉన్న ఉన్నత విద్య స్కాలర్‌షిప్ ఏడాదికి 80,000 రూపాయలు. అది ఇంటర్‌లో అత్యుత్తమ ఫలితాలు తెచ్చుకుని మౌలిక శాస్త్రాల్లో డిగ్రీ చేరినవాళ్లకు. ఎనిమిదో తరగతిలో మానక్ గెలిచినంత మాత్రాన రెండోది రాదు, ఈఏపీసెట్‌లో మార్కులూ కలవవు.

ఆ పదివేలు బడి నిధి అనుకునేవాళ్లూ ఉన్నారు. డబ్బు నేరుగా విద్యార్థి బ్యాంకు ఖాతాలో పడుతుంది. అందుకే పేరు పంపే ముందే ఖాతా తెరిచి ఉందా, ఖాతాలో పేరూ బడి రిజిస్టర్లో పేరూ ఒకటేనా అని చూసుకోవాలి. ఇంటిపేరు ఒకచోట ముందు, ఇంకోచోట వెనక ఉండటం మన దగ్గర మామూలే. 2022 ఏప్రిల్‌లో ఉభయ గోదావరి జిల్లాలు విడిపోయి కాకినాడ, కోనసీమ, ఏలూరు జిల్లాలు వేరుపడ్డాయి కాబట్టి, పాత కాగితాల్లో తూర్పుగోదావరి అని ఉన్న అమలాపురం పిల్లల వివరాలు ఇప్పుడు ఏ జిల్లా కింద నమోదయ్యాయో కూడా హెచ్‌ఎం ఓసారి సరిచూడటం మంచిది.