సర్పి పొక్కులూ, తెరుచుకోని పిన్నీసూ

పిల్లలకి ఒళ్ళంతా నీటిపొక్కులు లేస్తే ఆటలమ్మ పోసిందని వేపాకు పరుస్తాం. పొక్కులు మాడాక తలకి నీళ్ళు పోసి, అంతటితో సరి అనుకుంటాం. కాని ఆ వైరస్ ఒంటిని విడిచిపోదండీ. నరాల మొదళ్ళలో దాక్కుంటుంది. వయసు మళ్ళి, రోగాన్ని తట్టుకునే శక్తి తగ్గినప్పుడు నడుముకో, ముఖానికో ఒకవైపున బారుగా పొక్కులై లేస్తుంది. అదే సర్పి. మంటా, పోటూ భరించడం కష్టం.

దీనికి వాడే మందుల్లో ఒకటి ఎసైక్లోవిర్. అదెలా పనిచేస్తుందో తెలిస్తే, ఆలస్యం ఎందుకు కూడదో కూడా తెలుస్తుంది.

వైరస్ మన కణంలో దూరి పెరగాలంటే డి.ఎన్.ఎ. అనే గొలుసుని కొత్తగా అల్లుకోవాలి. అల్లేది పాలిమరేజ్ అనే ఎంజైము. మనం పిన్నీసులు ఒకదానికొకటి తగిలించి గాజుకి వేలాడదీస్తామే, అలాంటిదనుకోండి ఈ గొలుసు. పై పిన్నీసు తెరిచి కింది దాని కన్నంలో దూరుస్తాం. ఆ కింది పిన్నీసు తెరుచుకోనిదైతే? తను వేలాడుతుంది గాని, ఇంకొకదాన్ని పట్టుకోలేదు. గొలుసు అక్కడితో సరి. ఎసైక్లోవిర్ అచ్చం అలాంటి పిన్నీసే. చూపులకి అసలు ముక్కలా ఉంటుంది గనక ఎంజైము మోసపోయి తగిలించుకుంటుంది.

"మన కణాల్లోనూ ఈ గొలుసులే ఉన్నాయిగా, వాటికి చేటు కాదా?" అంటారేమో. మనం మింగినప్పుడు ఆ మందు నిద్రలో ఉంటుంది. దానికి మూడు ఫాస్ఫేటులు తగిలితేనే మేలుకుంటుంది. మొదటిది తగిలించేది వైరస్ తయారుచేసుకునే థైమిడిన్ కైనేజ్ అనే మరో ఎంజైము. మిగతా రెండూ మన కణాలే తగిలిస్తాయి. వైరస్ లేనిచోట మందు దాదాపు నిద్రలోనే ఉండిపోతుంది. దొంగ తన గొయ్యి తనే తవ్వుకుంటాడన్నమాట!

ఈ కిటుకుని అమెరికాలో గెర్ట్రూడ్ ఎలియన్ బృందం 1977లో ప్రకటించింది. పెదవులమీద జ్వరపు పొక్కులు తెచ్చే హెర్పిస్ వైరస్ ఆటలమ్మ వైరస్‌కి దగ్గర చుట్టం. అది సోకిన కణాలకీ, సోకని కణాలకీ మందిచ్చి, లోపల ఏమవుతోందో పోల్చి చూశారు. ఆడవాళ్ళని లాబరేటరీల్లో చేర్చుకోవడానికి వెనకాడే రోజుల్లో, 1937లో డిగ్రీ పుచ్చుకున్న ఎలియన్, బడిలో పాఠాలు చెబుతూ పై చదువు చదివారు. పిహెచ్.డి. లేకుండానే 1988లో నోబెల్ బహుమతిని మరి ఇద్దరితో పంచుకున్నారు.

ఇక అసలు సంగతి. ఈ మందు కొత్త గొలుసుల్ని ఆపుతుందే గాని, అల్లిక పూర్తయిన వాటిని విప్పలేదు. నరాల్లో నిద్రపోతున్న వైరస్‌నీ ఏమీ చేయలేదు. అందుకే పొక్కులు కనిపించిన 72 గంటల్లోపు మొదలుపెట్టడం మేలు. మంత్రం వేయించి నాలుగు రోజులు చూద్దామనుకుంటే ఆ గడువు కాస్తా దాటిపోతుంది. పొక్కులు మానినా నరాల పోటు నెలల తరబడి పీడించవచ్చు. కంటి దగ్గరో, ముక్కు కొనమీదో లేస్తే చూపుకే ముప్పు, ఆ రోజే డాక్టరుకి చూపించాలి. మూత్రపిండాల జబ్బున్నా, గర్భవతులైనా ఆ మాట ముందే చెప్పాలి. ఈ మందు సొంతంగా కొని వాడకండి.

అత్తగారో, అమ్మో "నడుము దగ్గర ఏదో మంటగా ఉందే" అంటే, ఒకసారి చీర పక్కకి తీసి చూడండి.