కుక్కను చంపినా ఈగ చావలేదు

బ్రెజిల్‌లో ఈ జబ్బు ఉన్న ప్రాంతాల్లో పెంపుడు కుక్క చిక్కిపోయి, కళ్ల చుట్టూ వెంట్రుకలు రాలి, ఒళ్లు పొట్టు లేచి, గోళ్లు కొక్కేల్లా పెరిగితే ఇంటివారి గుండె గుభేలుమంటుంది. అది ఒట్టి గజ్జి కాకపోవచ్చు. లీష్మానియా అనే సూక్ష్మక్రిమి లోపల చేరి ఉండవచ్చు. ముదిరితే మూత్రపిండాలు చెడి కుక్క చనిపోతుంది. అదే క్రిమి పసిపిల్లలకు సోకితే విడవని జ్వరం వస్తుంది, ప్లీహం పెరిగి పొట్ట ఉబ్బుతుంది. వైద్యం అందకపోతే ప్రాణం దక్కడం కష్టం.

ఈ క్రిమిని మోసేది ఇసుక ఈగ. పేరుకు ఈగే గాని, దోమలో మూడో వంతు ఉంటుంది. రొద చేయదు. ఎగరడం కంటె గెంతడమే ఎక్కువ. పగలు గోడ పగుళ్లలో, పశువుల కొట్టాల్లో, ఎలుక బొరియల్లో నక్కి, పొద్దుగూకాక బయలుదేరుతుంది. దోమలా నీటిలో గుడ్లు పెట్టదు. తేమ మట్టిలో, పేడలో, కుళ్లిన ఆకుల్లో పెడుతుంది. కుట్టేది ఆడ ఈగే. జబ్బు కుక్క రక్తం తాగిన ఈగ కొన్ని రోజులకు మరొకరిని కుట్టి క్రిమిని ఎక్కిస్తుంది.

కుక్కల్లో ఈ క్రిమిని 1908లో ట్యునీసియాలో షార్ల్ నికోల్ బృందం కనుగొంది. ఇక దోషి కుక్కే అన్నట్టు బ్రెజిల్‌లో రక్తపరీక్షలో పట్టుబడిన కుక్కలను దశాబ్దాల తరబడి చంపారు. జబ్బు ఆగకపోగా పల్లెలు దాటి పట్టణాలకు పాకింది. కుక్కను పెంచినవారికి ఇందులో వింతేమీ కనిపించదు. సాకిన చేతులతో అప్పగించడానికి కొందరికి మనసొప్పలేదు. అప్పగించినవారిలో చాలామంది కాపలాకు మరో కూనను తెచ్చుకున్నారు. ఈగ మాత్రం గోడలోనే ఉంది!

ఇరాన్ వాయవ్య ప్రాంతంలో మరో దారి తొక్కారు. 18 గ్రామాలను ఎంచి, సగం గ్రామాల్లో పెంపుడు కుక్కలన్నింటికీ డెల్టామెత్రిన్ మందు పట్టించిన మెడపట్టీలు కట్టారు. 2000, 2001 సంవత్సరాల్లో ఈగల కాలమంతా పట్టీలు ఉంచారు. పట్టీలు కట్టని గ్రామాల్లో పిల్లలకు క్రిమి కొత్తగా సోకడం నూటికి 2.41 ఉండగా, కట్టిన గ్రామాల్లో 1.49కి తగ్గింది. మెడపట్టీలను బ్రెజిల్ ప్రభుత్వం కూడా 2021లో చేపట్టింది.

బీహార్‌లో కనిపించే కాలా అజార్ కూడా ఇసుక ఈగ తెచ్చేదే. కాని అక్కడ క్రిమి మనిషి నుంచి మనిషికి చేరుతుంది, కుక్క ప్రమేయం లేదు. ఈ ఈగ మనకూ కొత్త కాదు. 2003లో నాటి ఆంధ్రప్రదేశ్‌లో 329 మంది పిల్లలకు సోకి 183 మందిని బలిగొన్న మెదడువాపు జ్వరానికి చండీపుర వైరస్ కారణమని తేల్చారు. ఆ వైరస్‌ను మోసేదీ ఇసుక ఈగే. గోడల బీటలు మెత్తి, పేడకుప్పను ఇంటికి దూరంగా వేస్తే దానికి చోటు తగ్గుతుంది.

మన ఊళ్లో కుక్కకు వెంట్రుకలు రాలితే చాలావరకు గజ్జి, పిడుదులే కారణం. పశువైద్యశాలలో చర్మం గీకి పరీక్షిస్తారు. పత్తికి కొట్టగా మిగిలిన పురుగుమందు మాత్రం దాని ఒంటికి పూయరాదు. ఒళ్లు నాక్కుంటే ఆ విషం కడుపులోకే పోతుంది.