దారి యడుగని దండు

పొరుగువాని పొలముగుండ బండి తోలుకొనదలచినవాడు ముందుగా గట్టుమీద నిలిచి యడుగును. ఈ మర్యాద మన రైతులలో నేటికిని గలదు. బండికే యింత కట్టుబాటుండగా, ఫిరంగులతో గూడిన సేనకు లేకుండుట యెట్లు? ఈ చిన్న ధర్మమును చెన్నపట్టణపు కుంఫిణీవారు 1779వ సంవత్సరమున విస్మరించిరి. తత్ఫలమును చిత్తూరు సీమ యనుభవించినది.

గుంటూరు సర్కారు ఆనాడు నిజాం ఆలీ సోదరుడును, ఆదవాని ప్రభువునగు బసాలతు జంగునకు జాగీరు. 1768వ సంవత్సరపు సంధి ననుసరించి యాతని జీవితానంతరమే యది కుంఫిణీకి జెందవలెను. గవర్నరు రంబోల్డు దొర యంతవరకు ఓర్వలేక, నిజామును సంప్రదింపకయే బసాలతు జంగుతో నేరుగా నొడంబడిక గావించుకొని గుంటూరును గుత్తకు గైకొనెను. ఆ ప్రభువు కొలువులోని ఫ్రెంచి సైనికులను తొలగించి, వారికి మారుగా నింగ్లీషు సేన నంపుటకు నిశ్చయమయ్యెను.

హార్పరు దొర దండుతో ఆదవానికి బయలుదేరెను. దారి కడప సీమమీదుగా బోవలెను. ఆ సీమను హైదరాలీ యాయేటనే నవాబు అబ్దుల్ హలీంఖానుని జయించి కైవసము చేసికొనియుండెను. సేన కదలుటకు మున్ను అతని యనుమతి నడుగుట యావశ్యకమని కుంఫిణీవారికి దోపలేదు. హైదరు పక్షమువారు కనుమలలో దారి నడ్డగించిరి, హార్పరు వెనుదిరిగెను. ఆ సంవత్సరముననే శాంతివచనములు పలుకుటకై ష్వార్ట్జు పాదిరిని శ్రీరంగపట్టణమునకు బంపినవారును రంబోల్డు దొరవారే! ఒక ద్వారమున రాయబారిని, మఱియొక ద్వారమున దండును బంపువాని మాట నెవ్వరు నమ్ముదురు? మాహె రేవును ముట్టవలదని తాను హెచ్చరించినను ఇంగ్లీషువారు దానిని బట్టుకొనిరని హైదరు అప్పటికే క్రుద్ధుడై యుండెను.

హైదరాలీ ధర్మమూర్తియని మేమనము. కడపను అతడు గైకొన్నదియు బలముచేతనే. కాని బలవంతుడు బలవంతుని గడప దాటునపుడైనను అడుగవలెనను వివేకము రాజ్యతంత్రమునకు మొదటి పాఠము. తన్నడుగక తన సోదరునితో బేరమాడినందుకు నిజాము కినిసి, హైదరుతోడను మహారాష్ట్రులతోడను జేరెను. గుంటూరును తిరిగి యిచ్చివేయుడని వంగదేశపు పెద్ద కౌన్సిలువారు 1780లో నాజ్ఞాపించిరి గాని, అప్పటికే చేయి దాటిపోయెను.

ఆ యేటి జూలైలో హైదరు దాదాపు తొంబదివేల సేనతో చెంగమ కనుమ దిగెను. చెన్నపట్టణము, వేలూరుల చుట్టునుగల గ్రామములు దగ్ధములయ్యెను. గుంటూరున నుండిన యింగ్లీషు దండే బెయిలీ దొర నాయకత్వమున దక్షిణమునకు వచ్చి, కుశస్థలీ నది వరదచే కొన్నినాళ్లు నిలిచిపోయి, సెప్టెంబరు 10వ తేదీని కంచి చెంతనున్న పొల్లిలూరువద్ద నాశనమయ్యెను. 1781లో షోలింగరువద్ద ఘోరయుద్ధము జరిగెను. 1782లో తిరుపతి క్షేత్రమునకు కాపుగా నుండిన చంద్రగిరి దుర్గము హైదరునకు లొంగెను. ఆ డిసెంబరు 7వ తేదీని చిత్తూరు చెంత నరసింగరాయనిపేట శిబిరముననే హైదరాలీ మరణించెను. టిప్పు వచ్చునందాక ఆ వార్తను దాచియుంచిరి. 1784లో మంగళూరు సంధితో గాని పోరు చల్లారలేదు.

నూటముప్పదియైదేండ్ల పిమ్మట, 1914 ఆగష్టు 2వ తేదీని, జర్మనులు తమ సేనలకు దారి విడువుమని బెల్జియమును అడిగి, ప్రత్యుత్తరమునకు పండ్రెండు గంటల గడువొసంగిరి. బెల్జియము నిరాకరించెను; జర్మనులు చొచ్చిరి. ఆ యన్యాయమును సహింపలేమని బ్రిటనువారు యుద్ధమున దిగిరి. ఆ ధర్మము బెల్జియమున నెంత సత్యమో కడప కనుమలలోను అంతే సత్యము.

సేనకు దారి యడుగుటనగా, ఆ నేలకు వేఱొక యధికారి గలడని యొప్పుకొనుటయే. ఆ మాట నోటరాని దొరతనమువారు దండును బంపిరి. బెయిలీ దొర శ్రీరంగపట్టణపు చెఱలో మరణించెను. రంబోల్డు దొర మాత్రము యుద్ధము రాకమున్నే పదవి విడిచి సీమకు వెడలిపోయెను. ఏ యొడంబడికలోను పేరు లేని పల్లెలవారు పోవుటకు వేఱు సీమ లేక, కాలిన కొంపలచెంతనే మిగిలిరి.