జపానువారి భోజనమర్యాదలు

పరదేశముల కేగినవారు కోటలను, కోవెలలను వర్ణించుట వాడుక. జపానుదేశమున సంచరించినపుడు మా మనసు నెక్కువగా నాకర్షించినవి యచ్చటి వంటయు, వడ్డనయును. సోదరీమణులకు ముచ్చట గొలుపు సంగతులను గొన్నింటి నిచట వ్రాయుచున్నాము.

జపానువారికిని మనకువలెనే వరియన్నము ప్రధానము. బియ్యమును బలుమాఱులు కడిగి, గంజి వార్పక, అత్తెసరు పెట్టుదురు. అచ్చటి బియ్యపుగింజ పొట్టిది. అన్నము కొంచెము జిగురుగా నుండును గనుక, 'హషి' యను రెండు సన్నని పుల్లలతో నెత్తి తినుట సులభము. అన్నపుగిన్నె యెడమవైపునను, చారుగిన్నె కుడివైపునను నుంతురు. ఉడికించిన సోయాగింజలకు ఉప్పును, ఒకవిధమగు బూజు పట్టించిన బియ్యమును జేర్చి, నెలలతరబడి పులియబెట్టిన ముద్దకు 'మిసో' యని పేరు. దానిని గలిపి చారు కాతురు. గిన్నెను చేత నెత్తి చారు త్రాగుదురు. ఊరవేసిన కూరగాయలును, చేపయు, సోయాపాలను విఱిచి చేసిన తోఫుయును నంజుళ్లుగా నుండును.

శాకాహారిణు లొక్క సంగతి నెఱిగియుండవలెను. కంటికి చేపముక్క కానరాకున్నను, చారులోను, ఉడికించిన కూరలోను 'దాషి' యను రసము తఱచుగా జేరియుండును. సముద్రపు నాచును, ఎండించి పొగబెట్టిన చేపతురుమును నీటిలో గాచి దీనిని దీయుదురు. మాకు కోయాసాన్ కొండమీది బౌద్ధమఠములలో నిశ్చింతగా భోజనము దొరకినది. అచ్చటి 'షోజిన్' వంటలో దాషిని సయితము నాచుతోను, ఎండు పుట్టగొడుగులతోను దీయుదురు.

పుల్లల విషయమున నిషేధములు గలవు. వానిని అన్నములో నిలువుగా గ్రుచ్చరాదు; మృతుల కర్పించు నన్నమున నట్లు గ్రుచ్చుదురు. ఒకరి పుల్లలనుండి మఱొకరు పుల్లలతో నందుకొనరాదు. దహనానంతరము అస్థుల నట్లే యందిచ్చుకొందురు.

తినుటకు ముందు "ఇతదకిమసు" అందురు. 'వినయముతో స్వీకరించుచున్నాను' అని దాని భావము. తినినపిదప "గొచిసోసమ" అందురు. ఇందలి 'చిసో' యను మాటకు పరుగులిడుట యని మూలార్థము. సంబారములు కూర్చుటకై పరుగులెత్తినవారి శ్రమను దలంచుటయే యీ పలుకు. పసిపిల్లలును దీనిని తల్లితో ననుట వింటిమి.

పూర్వము జపాను ఇండ్లలో నొక్కొక్కరికి నొక్కొక్క పెట్టెపీట యుండెడిది. ఇరువదవ శతాబ్దమున 'చబుదై' యను పొట్టిబల్ల వ్యాపించినపిదప, ఇంటిల్లిపాదియు దాని చుట్టును గూర్చుండ మొదలిడిరి. కావున నిది యనాదినుండి వచ్చిన యాచారము గాదు, అలవఱచుకొనినది. మే మతిథులమైన యింట ఇల్లాలును మాతో గూర్చుండి, వేడియన్నమే తినెను.

మాటతో వంటచాకిరి తఱుగదు. జపాను ఇల్లాండ్రకును పని మెండే. అయినను, మనము "అన్నదాతా సుఖీభవ" యని పొరుగింట దీవింతుము గాని, సొంతయింట వండినచేతిని దలంచుట యరుదు. అందఱును లేచినపిదప మిగిలినదానితో సరిపెట్టుకొను నిల్లాండ్రు మన యిండ్లలో నిప్పటికిని గలరు. ఆమెకును ముందే విస్తరి వేయుటకు ఖర్చేమియు గాదుగదా!