పెరటికి ఏ బెండ విత్తనము?

నిరుడు ఆగస్టు నెలలో పటాన్‌చెరుకు దగ్గరి ఒక పల్లెకు గృహ దర్శనమునకు వెళ్ళాము. ఆ ఇంటి తల్లి మమ్మును కూర్చోనియ్యకుండానే పెరటిలోనికి తీసుకొనిపోయింది. నాలుగు సాళ్ళ బెండ. ఆకుల ఈనెలన్నీ పసుపు పూసినట్లున్నాయి. కాయలు పాలిపోయి, గిడసబారి, విరిస్తే పీచు.

“అయ్యగారూ, గింజ మంచిదే అన్నడు దుకాణమాయన. మూడుసార్లు ఏసిన. మూడుసార్లు ఇట్లనే అయింది. పైసలు పోయె, కూర పోయె” అన్నదామె.

నలుగురు పిల్లలున్న ఇంటికి ఆ నాలుగు సాళ్ళు వారమునకు మూడు పూటల కూర. అందుకే ఈ నెల ఈ సంగతే వ్రాస్తున్నాము.

దీనిని పల్లాకు తెగులు అంటారు. ఇది వైరస్ వలన వస్తుంది. తెల్లదోమ ఒక మొక్క నుండి మరొక మొక్కకు మోసుకొనిపోతుంది. పట్టిన మొక్కను బాగుచేసే మందు ఏదీ లేదు. పెరికి తగులబెట్టవలసినదే. వేపనూనె కొడితే దోమ తగ్గుతుందేగాని, పసుపెక్కిన ఆకు తిరిగి పచ్చబడదు. కనుక మందు దుకాణమునకు పోకముందే, విత్తనము ఎంచుకొనేటప్పుడే జాగ్రత్తపడాలి.

మన పెద్దలకు బాగా తెలిసిన పేరు పూసా సావని. ఢిల్లీలోని భారత వ్యవసాయ పరిశోధన సంస్థ నుండి వచ్చిన రకము. వచ్చిన కొత్తలో ఈ తెగులును బాగా తట్టుకొన్నది. ఏండ్లు గడిచేకొద్దీ ఆ శక్తి పోయింది. రుచికి ఇప్పటికీ మంచిదే, కాని తెల్లదోమ ఎక్కువగా ఉన్న చోట దానిని నమ్ముకోలేము. శాస్త్రవేత్తలు బెండను అడవి బెండ జాతితో కలిపి రెండు రకములు తీశారు: మరాఠ్వాడా వ్యవసాయ విశ్వవిద్యాలయము నుండి పర్భని క్రాంతి, బెంగుళూరు ఉద్యాన పరిశోధన సంస్థ నుండి అర్క అనామిక. పర్భని క్రాంతికి ఒక వైపు తల్లి ఆ పూసా సావనియే! ఇప్పుడు కొన్ని చోట్ల వీటికి కూడా తెగులు కనబడుతున్నది. అయినను పెరటికి మేము ఈ రెండింటినే చెప్తాము. కారణము, వీటి విత్తనమును మనమే దాచుకోవచ్చు.

ప్యాకెట్టు మీద ‘ఎఫ్‌1’ లేక ‘హైబ్రిడ్’ అని ఉంటే, ఆ కాయల గింజ మరుసటి ఏడు అదే రకముగా రాదు. ఒక మొక్క పొట్టి, ఒకటి పొడుగు, తెగులును తట్టుకొనే గుణము కూడ చెదరిపోతుంది. పొలములో అమ్మకానికి వేసేవారికి హైబ్రిడ్ లాభము కావచ్చు; వారిని మేము తప్పుపట్టము. నాలుగు సాళ్ళకు ప్రతి ఏడూ డబ్బు పెట్టుట మాత్రము దండుగ.

విత్తనమునకు వదిలే మొక్కను పూతలోనే గుర్తించాలి. తెగులు సోకనిది, ముందుగా కాసినది చూచి ఎర్ర దారము కట్టండి. పిల్లలకు చెప్పకపోతే ఆ కాయలే ముందు కోసివేస్తారు! బెండ పూవు తెల్లవారి విచ్చుకొంటుంది. తేనెటీగలు పక్క రకపు పుప్పొడి తెస్తాయి. కనుక ముందటి సాయంత్రమే మొగ్గకు పలుచని గుడ్డ కట్టి, పిందె పడ్డాక విప్పాలి. కాయ చెట్టు మీదనే ఎండి గోధుమరంగై పగుళ్ళు వచ్చేవరకు ఉంచాలి. గింజలను నీడన ఆరబెట్టి, బూడిద కలిపి సీసాలో పెట్టితే మరుసటి జూన్‌కు సిద్ధము. నాటే ముందు ఒక రాత్రి నానబెట్టండి. సాళ్ళ చుట్టూ దట్టముగా జొన్న వేస్తే దోమకు కొంత అడ్డు.

ఇక నీళ్ళ సంగతి. ఈ ప్రాంతములో విత్తనము కంటె ఇదే పెద్ద మాట. ఫ్యాక్టరీల మురుగు వాగులలో కలిసి నక్కవాగు పాడైన సంగతి మన రైతులకు ఎవరూ చెప్పనక్కరలేదు. ఆ వ్యాజ్యము 1990లోనే సుప్రీంకోర్టుకు చేరింది. 2007లో స్వీడన్ శాస్త్రవేత్తలు పటాన్‌చెరు మురుగునీటి శుద్ధి కేంద్రము నుండి బయటికి వచ్చే నీటిని పరీక్షించి, లీటరుకు 31 మిల్లీగ్రాముల వరకు సిప్రోఫ్లాక్సాసిన్ మందు ఉన్నదని ప్రచురించారు. మన పిల్లలకు జబ్బు చేస్తే డాక్టరు వ్రాసే మందే అది.

అటువంటి నీరు పారిన చోట సీసము, కాడ్మియము వంటి లోహములుంటే, పాలకూర, తోటకూర వంటి ఆకుకూరలు వాటిని ఎక్కువగా పీల్చుకొంటాయి. కాయకూరలలోనికి సాధారణముగా తక్కువ చేరుతుంది. వేరు గుండా లోపలికి వెళ్ళినది కడిగినా పోదు, ఉడికించినా పోదు. కనుక వాగుకు దగ్గరి బోరు ఉన్న ఇండ్లలో ఆకుకూర మడి వద్దు. బోరునీటిని పరీక్షకు ఇచ్చినప్పుడు లోహములు కూడ చూడమని ప్రత్యేకముగా అడగండి. మామూలు పరీక్ష ఉప్పు, ఫ్లోరైడు వంటివి చూచి వదిలివేస్తుంది.

ఆ తల్లి బోరు కూడ వాగు ఒడ్డుదే. ఈ ఏడు ఆమె కప్పు మీది వాననీరు పట్టుటకు రెండు పెద్ద డ్రమ్ములు పెట్టింది. వేరే చోటి నుండి మట్టి తెప్పించి మడిని జానెడు ఎత్తు చేసింది. అర్క అనామిక రెండు సాళ్ళు వేసింది. మొన్న వెళ్ళినప్పుడు మూడు మొక్కలకు ఎర్ర దారము కట్టి ఉన్నది. ఒకదానికి పసుపు కనబడగానే పెరికివేసిందట. డ్రమ్ములలో నీరు వేసవికి చాలదు గనుక, జనవరిలో మడి ఖాళీగానే ఉంచుతానన్నది.